కారు ఏ.సి.లో ముక్కిన వాసన: కారణాలు, నివారణ

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. విజయవాడ ఆటోనగర్‌లో బండ్ల కింద పడుకొని పని నేర్చుకొన్నవాణ్ణి. చేతికి గ్రీజు అంటితే నాకు మాట బాగా వస్తుంది; మైకు పట్టుకొంటే రాదు. అయినా మన కార్యదర్శిగారు విడిచిపెట్టలేదు. “మన వ్యాను సంగతి అందరికీ తెలియాలి, నువ్వే చెప్పాలి” అన్నారు. కనుక ఆ వ్యానుతోనే మొదలుపెడతాను.

మన సొసైటీ వ్యాను పేషెంట్లను ఆస్పత్రికి తీసుకుపోయి తీసుకువచ్చే బండి అని మీకందరికీ తెలుసు. గత వానాకాలంలో దానిలో ఏ.సి. వేయగానే ఒక వాసన రావటం మొదలైంది. నాలుగు రోజులు తడిసి మూల పడి ఉన్న గోనెసంచి వాసన ఎట్లా ఉంటుందో అట్లాంటిది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే ఒక పెద్దావిడ, మేమంతా ఖాలా అని పిలుస్తాము, దారిలో రెండుసార్లు వాంతి చేసుకొన్నది. మూడోసారి “నేను ఆటోలో పోతాను బాబూ, ఆ బండి ఎక్కలేను” అన్నది. ఉచితంగా ఉన్న బండిని కాదని, ఆ వయసులో, ఆ జబ్బుతో, చేతి డబ్బు పెట్టుకొని ఆటో ఎక్కిందంటే ఆ వాసన ఎంత బాధ పెట్టిందో ఆలోచించండి.

ఇక కమిటీలో మాట ఎవరి మీదికి పోయింది? డ్రైవరు మీదికి. బండిలో తడి తువ్వాలు ఆరేస్తున్నాడనీ, అందులోనే అన్నం తింటున్నాడనీ, కడగటం లేదనీ అన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి, దాచుకోను. అతను ఒక్క జవాబు కూడా చెప్పలేదు. మరునాడు తన డబ్బుతో ఒక సెంటు సీసా కొని డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. అప్పుడు గోనెసంచి వాసనకు మల్లెపువ్వు వాసన తోడై బండి ఎక్కేవాళ్ళ అవస్థ రెండింతలైంది.

తరువాత బండిని ఒక షెడ్డుకు పంపితే, కూలింగ్ కాయిల్ మార్చాలి, గ్యాసు నింపాలి, 28 వేలు అవుతుంది అన్నారు. అంత డబ్బు అంటే ముగ్గురు పిల్లల ఫీజుల సాయం ఆగిపోతుంది. అప్పుడు కార్యదర్శిగారు నన్ను పిలిచి “ఒకసారి నువ్వు చూడు” అన్నారు. అసలు ఆ మాట ముందే నేను అడగవలసింది. చూడకుండానే తీర్పు చెప్పాను. చూసిన తరువాత సిగ్గుపడ్డాను. ఏమి చూశానో చెప్పేముందు ఏ.సి. ఎట్లా పనిచేస్తుందో రెండు ముక్కలు చెబుతాను. అది తెలిస్తేగాని మిగతాది అర్థం కాదు.

ఎండాకాలంలో చల్లని నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టండి. కాసేపటికి గ్లాసు బయట నీటి బొట్లు పడతాయి. గ్లాసు కారటం లేదు. గాలిలో ఉన్న తేమ చల్లని స్టీలుకు తగిలి నీరుగా మారింది. కారు ఏ.సి.లోనూ జరిగేది అదే. డ్యాష్‌బోర్డు లోపల, కాళ్ళు పెట్టుకొనే చోటుకు కొంచెం పైన, సన్నని అల్యూమినియం రేకుల మధ్య గొట్టాలు పోయే ఒక కాయిల్ ఉంటుంది. ఏ.సి. నడిచేటప్పుడు అది దాదాపు గడ్డకట్టే చల్లదనానికి దగ్గరగా ఉంటుంది. బ్లోయరు ఫ్యాను గాలిని దాని మీదుగా తోస్తుంది. గాలి చల్లబడుతుంది, గాలిలోని తేమ నీరై రేకుల మీద జారుతుంది.

ఆ నీరు ఎంత ఉంటుందో లెక్క చెబుతాను. 30 డిగ్రీల వేడిలో తేమ పూర్తిగా నిండిన ఒక ఘనమీటరు గాలిలో సుమారు 30 గ్రాముల నీరు ఉంటుంది. అదే గాలి 10 డిగ్రీలకు చల్లబడితే 10 గ్రాములు కూడా పట్టుకోలేదు. మిగిలిన 20 గ్రాములు ఎక్కడికి పోవాలి? కాయిల్ మీద పడాలి. మన కృష్ణా తీరంలో, వానాకాలంలో, గాలిలో తేమకు కొదవ లేదు. అందుకే గంటసేపు ఏ.సి. నడిపితే కారు కింద నీటి మడుగు కడుతుంది. కొత్తగా కారు కొన్నవాళ్ళు దాన్ని చూసి కంగారుపడి షెడ్డుకు వస్తారు. అయ్యా, నీరు కారితే భయం లేదు. వాన రోజుల్లో ఏ.సి. వేసినా కింద నీరు కారకపోతేనే అనుమానించాలి.

అసలు ఈ యంత్రం పుట్టిందే తేమ తీయటానికి. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్యాలయానికి దీన్ని రూపొందించాడు. అక్కడ తేమకు కాగితం సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడేవి కావు. తేమను అదుపులో పెట్టటానికి చేసిన పని, తరువాత మనుషులకు చల్లదనమైంది. కార్లలోకి వచ్చింది 1939లో. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ వారు పెట్టారు. అప్పట్లో కాయిల్ వెనుక సీటు వెనకాల ఉండేది.

సరే, కాయిల్ మీద నీరు పడింది. దాని కింద ఒక పళ్ళెం ఉంటుంది. పళ్ళానికి ఒక రబ్బరు గొట్టం. ఆ గొట్టం గుండా నీరు రోడ్డు మీద పడాలి. ఇది సక్రమంగా ఉంటే బాధ లేదు. కాని గాలితోపాటు దుమ్ము వస్తుంది, చెట్ల పుప్పొడి వస్తుంది, మన తలవెంట్రుకలూ, బట్టల నూగూ వస్తాయి. ఇవన్నీ తడి రేకులకు అంటుకొంటాయి. బండి ఆపేసి తలుపులు వేసి వెళ్ళిపోతాము. లోపల చీకటి, తడి, వెచ్చదనం, తినటానికి మురికి. బూజుకూ, సూక్ష్మజీవులకూ ఇంతకంటే మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? మర్నాడు మనం ఏ.సి. వేయగానే వచ్చే మొదటి గాలి ఆ ఇంటి గాలే. ముక్కిన బియ్యం వాసన, తడి సాక్సు వాసన, మూసిన కొట్టు వాసన అని మనం చెప్పేదంతా ఇదే.

ఈ వాసన విషమా అని అక్కచెల్లెళ్ళు అడుగుతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు చాలావరకు చిరాకే తప్ప ప్రమాదం కాదు. కాని ఆయాసం ఉన్నవాళ్ళకు, తుమ్ములు, జలుబు పట్టే తత్వం ఉన్న పిల్లలకు బూజు పడదు. ఉన్న జబ్బు రేగుతుంది. కారెక్కినప్పుడల్లా బిడ్డకు దగ్గు వస్తోంది, దిగితే తగ్గుతోంది అంటే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి, కారు ఫిల్టరూ చూడండి. రెండూ చేయాలి.

ఇప్పుడు మన వ్యాను దగ్గరికి వస్తాను. ముందు ఏ.సి. వేసి అరగంట నడిపి కిందకు చూశాను. ఒక్క బొట్టు లేదు. ఎడమవైపు మ్యాటు ఎత్తి కార్పెటు మీద అరచేయి పెట్టి నొక్కితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు వచ్చాయి. అక్కడే సగం సంగతి తెలిసిపోయింది. డ్రెయిన్ గొట్టం మూసుకుపోయి, పళ్ళెం నిండి, నీరంతా లోపలికే పొర్లుతోంది.

గొట్టం ఊడదీశాను. దాని మూతి దగ్గర ఏమున్నదో చెప్పండి? కుళ్ళిన వేపాకు, వేపపువ్వు, దుమ్ము కలిసి నల్లని ముద్ద. దాన్ని తీయగానే లీటరున్నర దాకా నీళ్ళు బకెట్టులోకి వచ్చాయి. ఆ కంపుకు నాతో ఉన్న కుర్రవాడు ముక్కు మూసుకొని బయటికి పోయాడు.

తరువాత గ్లవ్ బాక్సు తీసి లోపల చూశాను. గాలి ఫిల్టరు పెట్టే గూడు ఖాళీగా ఉన్నది. ఎప్పుడో సర్వీసులో పాతది తీశారు, కొత్తది పెట్టటం మరిచిపోయారు. అంటే ఆకులూ, దుమ్మూ అడ్డు లేకుండా నేరుగా కాయిల్ మీదికే పోతున్నాయి.

మరి వేపాకు ఎక్కడి నుంచి వచ్చింది? ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర జల్లెడలాంటి భాగం ఉంటుంది గదా, బయటి గాలి అక్కడి నుంచే లోపలికి వస్తుంది. మన వ్యాను నిలబెట్టేది ఆఫీసు ముందు వేపచెట్టు కింద. అక్కడ నిలపమని ఎవరు చెప్పారు? డ్రైవరు కాదు. రెండేళ్ళ కింద మన కమిటీయే తీర్మానం చేసింది, ఎండకు బండి రంగు పోతుందని. ఆ తీర్మానాన్ని బలపరచినవాణ్ణి నేనే. డ్రైవరు మన మాట విన్నాడు; మనం అతన్ని నిందించాము.

బాగుచేసిన విధానం చెబుతాను, మీలో చాలామందికి పనికివస్తుంది. గొట్టం శుభ్రం చేశాము. గట్టి ఇనుప కమ్మీతో పొడవకూడదు, కాయిల్‌కు చిల్లు పడితే గ్యాసంతా పోతుంది. మెత్తని నైలాను తీగ, తక్కువ గాలి ఒత్తిడి చాలును. బ్లోయరు ఫ్యాను ఊడదీసి దాని రెక్కల మధ్య దుమ్ము బ్రష్షుతో తీశాము. ఇంజను ఆపి, కాయిల్ శుభ్రం చేయటానికి అమ్మే నురగ డబ్బా తెచ్చి, కాయిల్ మీద పడేటట్లు సన్నని గొట్టంతో లోపలికి పట్టించాము. డబ్బా మీద రాసినంత సేపు వదిలేస్తే నురగ కరిగి మురికితో సహా డ్రెయిన్ గొట్టం గుండా నల్లగా దిగింది. రెండోసారి పట్టిస్తే తేటగా వచ్చింది. తరువాత తలుపులన్నీ తీసి, ఏ.సి. వేయకుండా బ్లోయరు మాత్రం పెద్దగా పెట్టి గంటసేపు ఆరబెట్టాము. కొత్త ఫిల్టరు పెట్టాము.

ఇంతటితో అయిపోలేదు. కార్పెటు కింద దళసరి ఫెల్టు ఉంటుంది. అది స్పాంజిలాగా నీరు పట్టి ఉన్నది. పైన ఆరినట్టు కనిపిస్తుంది, కింద ఆరదు. సీటు విప్పి, దాన్ని బయటికి లాగి రెండు రోజులు ఎండలో వేశాము. చాలామంది ఏ.సి. శుభ్రం చేయించి, ఈ పని చేయరు. వారం తిరగకుండా వాసన మళ్ళీ వస్తుంది, మెకానిక్కును తిడతారు.

మొత్తం ఖర్చు ఫిల్టరుకు, రెండు నురగ డబ్బాలకు అయిందే. కాయిల్ మార్చలేదు, గ్యాసు నింపలేదు. పిల్లల ఫీజు డబ్బు పిల్లలకే పోయింది.

గ్యాసు సంగతి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు మోసపోయేది ఇక్కడే. ఏ.సి. గ్యాసు మూసిన గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది. పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. అది తగ్గితే ఎక్కడో లీకు ఉన్నట్టు. లీకు పట్టకుండా నింపటం చిల్లు కుండలో నీళ్ళు పోయటమే. గ్యాసు తగ్గితే చల్లదనం తగ్గుతుంది, ముక్కిన వాసన రాదు. పాత రోజుల్లో వాడిన ఆర్-12 గ్యాసు ఆకాశంలోని ఓజోను పొరను తినేస్తుందని తెలిసి, 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది. తరువాత కార్లలోకి ఆర్-134ఎ వచ్చింది. దీనివల్ల ఓజోనుకు హాని లేదుగాని భూమి వేడెక్కుతుంది. కనుక గ్యాసును గాలిలోకి వదిలేసే షెడ్డు మంచి షెడ్డు కాదు; యంత్రంతో లాగి సిలిండరులో పట్టాలి.

ఇక ముక్కు చెప్పే మాట వినటం నేర్చుకోండి. ఏ వాసన దేనికి గుర్తో చెబుతాను. ఏ.సి. వేసిన మొదటి నిమిషంలో ముక్కిన వాసన వచ్చి తరువాత తగ్గితే కాయిల్ మీద బూజు. ఎంతసేపైనా తగ్గకపోతే కార్పెటు తడి చూడండి. కుళ్ళు కంపు అయితే లోపల ఎలుక చచ్చి ఉండవచ్చు. ఆటోనగర్‌లో మేము తీసిన ఎలుకలకు లెక్క లేదు. తియ్యగా, పాకంలాంటి వాసన వచ్చి, అద్దం లోపలివైపు జిడ్డుగా మసక పడితే హీటరు కాయిల్ నుంచి కూలెంటు కారుతోంది. అది ఇంజను సంగతి, ఆలస్యం చేయకండి. కాలిన వాసన వస్తే బండి ఆపి దిగండి. పెట్రోలు వాసన వచ్చినా అంతే. పొగ వాసన లోపలికి వస్తే అద్దాలు దించి నేరుగా షెడ్డుకు రండి.

ఇళ్ళల్లో మీరు చేసుకోగలిగిన పనులు చెబుతాను. ఖర్చు లేనివి ముందు.

గమ్యం చేరటానికి 5 నిమిషాల ముందు ఏ.సి. మీట ఆపి, బ్లోయరు మాత్రం నడవనివ్వండి. బయటి గాలి లోపలికి వచ్చేటట్లు పెట్టండి. కాయిల్ ఆరుతుంది. తడి ఆరితే బూజుకు బతుకు లేదు. అయితే వాన రోజుల్లో ఇట్లా చేస్తే అద్దం మీద మంచు పట్టవచ్చు. పక్క అద్దం కొంచెం దించుకోండి, దారి కనపడకపోతే మాత్రం మళ్ళీ ఏ.సి. వేయండి. ప్రాణం కంటే వాసన ముఖ్యం కాదు.

లోపలి గాలే తిరిగే మీట నొక్కి గంటల తరబడి ఉంచకండి. త్వరగా చల్లబడటానికి అది మంచిదే. కాని నలుగురు ఊపిరి వదిలిన గాలే మళ్ళీ మళ్ళీ పీలిస్తే తల బరువెక్కుతుంది, డ్రైవరుకు మత్తు వస్తుంది. అరగంటకొకసారి కాసేపు బయటి గాలి రానివ్వండి.

వారానికొకసారి వైపర్ల దగ్గర ఆకులు ఏరివేయండి. మ్యాట్లు తీసి ఎండలో వేయండి. పెండ్లి భోజనం తెచ్చినప్పుడు బిర్యానీ గిన్నెకు మూత గట్టిగా ఉన్నదో లేదో చూసుకోండి. నేను నవ్వటానికి చెప్పటం లేదు. సీటు కిందికి పోయిన పాలు, పెరుగు, మాంసపు రసం ఏ ఫిల్టరుకూ లొంగవు.

ఫిల్టరును ఏడాదికొకసారి, లేదా 10 నుంచి 15 వేల కిలోమీటర్లకొకసారి మార్చండి. దుమ్ము రోడ్ల మీద తిరిగే టాక్సీలకు ఇంకా ముందే మార్చాలి. చాలా బండ్లలో గ్లవ్ బాక్సు వెనకాలే ఉంటుంది. బండి పుస్తకంలో బొమ్మ ఉంటుంది. పాత బండ్లు కొన్నిటికి అసలు ఫిల్టరే ఉండదు, అడిగి తెలుసుకోండి. తీసేటప్పుడు బాణం గుర్తు ఏ వైపు ఉన్నదో చూసుకొని అట్లాగే పెట్టాలి. ఒక హెచ్చరిక: డ్యాష్‌బోర్డు కింద పసుపురంగు తొడుగులున్న వైర్లు కనిపిస్తే ముట్టుకోకండి; అవి ఎయిర్‌బ్యాగువి.

చేయకూడనివి. బ్లీచింగు నీళ్ళు, ఫినాయిలు, ఆమ్లం, వెనిగరు కాయిల్‌లోకి కొట్టకండి. అల్యూమినియం తినేస్తుంది, ఆ ఆవిరి మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్ళ ప్రెషరు గన్ను లోపలికి పెట్టకండి. ఫ్యాను మోటారు, ఎలక్ట్రిక్ భాగాలు తడిసి పోతాయి. సెంటు సీసాలు, అత్తరు దూదులు జబ్బును కప్పుతాయిగాని పోగొట్టవు. చెత్తబుట్ట మీద దుప్పటి కప్పినట్లే. కాయిల్ శుభ్రం చేసిన తరువాత కూడా కొంచెం వాసన మిగిలితే, ఒక గిన్నెలో వంటసోడా గాని, గుడ్డ సంచిలో బొగ్గు గాని రాత్రంతా కారులో ఉంచవచ్చును. మిగిలిన వాసన పీలుస్తాయి. మూలం మాత్రం తీయవు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మన సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు ఎన్నో బండ్లు బురదనీళ్ళల్లో ఉన్నాయి. అట్లాంటి బండిని స్టార్టు చేయకూడదు, ఏ.సి. వేయకూడదు. తోయించుకొని షెడ్డుకు తేవాలి. బ్లోయరు గూడు, కాయిల్ పెట్టె పూర్తిగా విప్పి కడగాలి. ఎవరైనా తక్కువ ధరకు పాత కారు కొనేటప్పుడు కార్పెటు ఎత్తి చూడండి, సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార ఉన్నదేమో చూడండి, అద్దాలు మూసి ఏ.సి. వేసి మొదటి గాలి వాసన చూడండి. అమ్మేవాడు సెంటు బాగా కొట్టి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి.

చివరిగా మన టాక్సీ కుర్రవాళ్ళకు ఒక మాట. ఇంజను నడుస్తుండగా మూసిన షెడ్డులోగాని, గ్యారేజీలోగాని అద్దాలు మూసి ఏ.సి. వేసుకొని నిద్రపోకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నేను ఇంతసేపు వాసన గురించి చెప్పాను. వాసన లేనిదే మనిషిని చంపుతుంది.

వ్యాను బాగయిన మర్నాడు ఖాలాను ఎక్కించుకొని నేనే పక్కన కూర్చొని వెళ్ళాను. ఆస్పత్రి దాకా ఆవిడ నిద్రపోయింది. దిగేటప్పుడు డ్రైవరు తల మీద చేయి పెట్టి “బేటా, నీ బండి బాగుంది” అన్నది. అతని కళ్ళు ఎట్లా అయినాయో నేను చూశాను. తిరుగుదారిలో అతన్ని క్షమాపణ అడిగాను. “పోనీలే ఉస్తాద్, మీరు చూశారు గదా, చాలు” అన్నాడు. చాలదు. నలుగురిలో నింద వేసినప్పుడు నలుగురిలోనే దాన్ని తీసివేయాలి. అతను ఈ వేళ ఆ చివరి వరుసలో కూర్చొని ఉన్నాడు. భాయ్, తప్పు నీది కాదు. మాది.

కార్యవర్గానికి రెండు మనవులు చేస్తున్నాను. వ్యానును వేపచెట్టు కింద నుంచి తీసి పక్క రేకుల షెడ్డులో నిలపాలి. ఏడాదికొక ఫిల్టరు ఖర్చు బడ్జెటులో రాయాలి. మీలో ఎవరి బండిలోనైనా వాసన వస్తుంటే శుక్రవారం మధ్యాహ్నం తరువాత నా షెడ్డుకు తీసుకురండి; చూసినందుకు డబ్బు తీసుకోను.